ఇక నుంచి పీసా లేదు, రోజుకి రెండు ఊళ్ళే

నమస్తే అండీ. ఇటలీలో ఫ్లోరెన్స్ నుంచి మా వ్యాన్‌లో టస్కనీ ప్రాంతం చూసే ట్రిప్‌కి వచ్చినవాళ్ళకీ, ఈ ఎండాకాలానికి బుక్ చేసుకున్నవాళ్ళకీ, "చూసి చెప్తాం అన్నా" అని ఆరు నెలలుగా మెసేజ్‌లు పెడుతున్నవాళ్ళకీ కలిపి ఒకేసారి రాస్తున్నాను, ఎందుకంటే ఇదే సంగతి ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ట్రిప్ మారింది. పీసా తీసేశాం. ధర కూడా పెరిగింది. రెండూ ఒకేసారి చెప్తే తిడతారని మా ఆవిడ అంది. తిట్టండి, పర్లేదు, కాకపోతే కారణం విన్నాక తిట్టండి.

పాత ట్రిప్ మీకు గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే నాలుగు హోటళ్ళ దగ్గర ఆగి అందరినీ ఎక్కించుకోవడం, పీసా వెళ్ళి టవర్‌ని చేత్తో ఆపుతున్నట్టు ఫోటోలు, అక్కణ్ణుంచి సాన్ జిమిన్యానో, అక్కణ్ణుంచి సియెనా, చివర్లో కియాంతి కొండల్లో ఒక వైన్ తోట, రాత్రికి మళ్ళీ ఫ్లోరెన్స్. కాగితం మీద చూస్తే భలే ఉండేది. నేను ఒకరోజు కూర్చుని లెక్క వేస్తే దాదాపు ఐదు గంటలు రోడ్డు మీదే పోతున్నాయి, పార్కింగ్‌లూ బాత్రూమ్‌లూ కలపకుండానే. పోయిన సెప్టెంబర్‌లో ఒక రోజు మూడు గంటలకి తోటలో ఉండాల్సిన వాళ్ళం నాలుగు దాటాక చేరాం. ఆ లోపల వాళ్ళు మా బల్ల వేరే గుంపుకి ఇచ్చేశారు. వాళ్ళ తప్పేం లేదు, తప్పు నాదే. ముంగిట్లో నిలబెట్టి తలా అర గ్లాసు పోసి పావుగంటలో పంపేశారు. తిరిగొస్తుంటే వెనక సీట్లోంచి రిటైరైన ఒక టీచరమ్మ మెల్లగా అడిగారు: "బాబూ, పొద్దుట్నుంచీ నీ వ్యాన్ బాగా చూశాం, టస్కనీ ఎప్పుడు చూపిస్తావు?" ఎవరూ నవ్వలేదు. ఆ రోజు అందరికీ సగం డబ్బు వెనక్కి ఇచ్చాను గానీ ఆ మాట మాత్రం ఇప్పటికీ చెవిలోనే ఉంది.

పీసా సంగతి ముందు తేల్చేస్తాను, ఎక్కువ గొడవ దాని మీదే వస్తోంది కాబట్టి. "అమ్మానాన్నలకి పీసా ఫోటో లేకపోతే ఇటలీ వెళ్ళినట్టే కాదు" అని చాలామంది అన్నారు, అర్థమైంది. కానీ దానికి నేను అక్కర్లేదండీ. ఫ్లోరెన్స్ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు గంటలో పీసా, స్టేషన్ నుంచి టవర్ దాకా అరగంట లోపు నడక, కాదంటే బస్సు. ఇంకో రోజు పొద్దున వెళ్తే మధ్యాహ్నం భోజనానికి వెనక్కి వచ్చేయొచ్చు. నా వ్యాన్‌లో వస్తే అదే ఫోటోకి మూడింతలు ఖర్చు, పైగా మిగతా రోజంతా పాడు. దీన్ని ఇన్నాళ్ళూ మీకు చెప్పకుండా పీసా పేరు పెట్టి బుకింగ్‌లు తెచ్చుకున్నాను, ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు ట్రిప్ ఇలా ఉంటుంది: పొద్దున్నే సియెనా, మధ్యాహ్నం కియాంతిలో భోజనం, తోట, సాయంత్రం సాన్ జిమిన్యానో. అంతే. హోటల్ పికప్ లేదు, అందరూ 7:45కి సాంతా మరియా నొవెల్లా స్టేషన్ దగ్గరికి రావాలి. ఒక్కరి లిప్‌స్టిక్ కోసం ఏడుగురు ఎదురుచూసిన రోజులు ఉన్నాయి, పేర్లు చెప్పను.

సియెనాకి తొమ్మిది లోపల చేరితే పెద్ద బస్సులు ఇంకా వచ్చి ఉండవు. ఊరి నడుమ మైదానం, పియాజ్జా దెల్ కాంపో, గవ్వని బోర్లించకుండా వెల్లకిలా పెట్టినట్టు ఒక పక్కకి వాలుగా ఉంటుంది. ఇటుకల నేల, దానిలో తెల్లరాతి గీతలతో తొమ్మిది భాగాలు. 1287 నుంచి 1355 దాకా ఈ ఊరిని తొమ్మిది మంది పెద్దలు ఏలారు, ఆ తొమ్మిదికి గుర్తన్నమాట. పాత ట్రిప్‌లో ఇక్కడ మీకు నలభై నిమిషాలు ఇచ్చి నేను పార్కింగ్‌లో కూర్చునేవాణ్ణి, మీలో సగం మంది చేతిసంచుల షాపుల్లోంచి బయటికే రాలేదు. ఇప్పుడు రెండు గంటలు లైసెన్స్ ఉన్న గైడ్ వెంట ఉంటారు. ఇటలీలో గైడ్ పనికి ప్రత్యేకంగా పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకోవాలి. నేను డ్రైవర్‌ని, వ్యాన్‌లో ఎన్ని కబుర్లైనా చెప్తాను గానీ చర్చి లోపల నిలబడి గైడ్‌లా చెప్తే జరిమానా కట్టాలి. గైడ్ ఇంగ్లీషులో చెప్తారు. పెద్దవాళ్ళు ఉన్న గుంపయితే మా ఆవిడ కూడా వచ్చి తెలుగులో చెప్తుంది, ఆ రోజు మాత్రం ఏడుగురినే తీసుకుంటాం, ఎందుకంటే మా వ్యాన్‌లో డ్రైవర్‌తో కలిపి తొమ్మిదే సీట్లు. "ఇంకొక్కరేగా, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం" అని అడగొద్దండీ, ఇది మన షేర్ ఆటో కాదు.

సియెనా చర్చి పక్కన సగం కట్టి వదిలేసిన పెద్ద గోడ ఒకటి ఉంటుంది. ఉన్న చర్చి చాలదని, దాన్నే ఒక భాగంగా కలుపుకుని ఇంకా ఎంతో పెద్దది కట్టాలని 1339లో మొదలుపెట్టారు. 1348లో ప్లేగు వచ్చింది, కట్టేవాళ్ళూ పోయారు, డబ్బు పెట్టేవాళ్ళూ పోయారు. చర్చి లోపలి భాగం కావాల్సిన చోట ఇప్పుడు ఖాళీ నేల, పైన ఆకాశం. నాకు పూర్తయిన చర్చి కంటే ఈ గోడే ఇష్టం, ఎందుకో చెప్పలేను. లోపలికి వెళ్ళేటప్పుడు భుజాలు కప్పుకోవాలి, చున్నీ ఉంటే చాలు.

ఒక ముఖ్యమైన సంగతి. జూలై 2, ఆగస్టు 16 తేదీల్లో సియెనాలో గుర్రపు పందెం, పాలియో. ఊళ్ళో 17 పేటలున్నాయి, ఒక్కో పేటకి ఒక గుర్తు, తాబేలు, నత్త, బాతు, గొంగళిపురుగు ఇలా. ఒక్కో పందెంలో పది పేటల గుర్రాలే పరిగెడతాయి. జీను ఉండదు, కాంపో చుట్టూ మూడు చుట్లు, నిమిషంన్నరలోపు అయిపోతుంది. రౌతు పడిపోయినా గుర్రం ముందొస్తే గెలిచినట్టే. మన గల్లీ గణపతుల పోటీని వందల ఏళ్ళుగా ఊరబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, ఓడిన పేటవాళ్ళు పెద్దవాళ్ళయి ఉండీ భోరున ఏడుస్తారు. చూడ్డానికి అద్భుతం, కానీ ట్రిప్‌కి నరకం. రెండేళ్ళ క్రితం నాకు బుద్ధి లేక జూలై 2న ఒక కుటుంబాన్ని తీసుకెళ్ళాను. మైదానం మధ్యలో ఉచితంగా నిలబడొచ్చు, నిజమే, కానీ ఒకసారి దారులు మూశాక బయటికి రాలేం, నీడ ఉండదు, బాత్రూమ్ ఉండదు. వాళ్ళ నాన్నగారికి షుగరు. నేను పడిన టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అందుకని జూన్ 29 నుంచి జూలై 2 వరకూ, ఆగస్టు 13 నుంచి 16 వరకూ సియెనా బదులు వోల్తెర్రా వెళ్తాం. కొండ మీది ఊరు, రోమన్ల కంటే ముందు ఎత్రుస్కన్లు కట్టుకున్నది, పాలరాయిలాంటి అలబాస్టర్ రాయితో బొమ్మలు చెక్కేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నిజం చెప్పాలంటే కొంతమందికి సియెనా కంటే అదే నచ్చింది.

ఇక తోట. నేను పుట్టింది మేడ్చల్ వైపు. మా చిన్నప్పుడు అటు ద్రాక్ష తోటంటే పందిరి, తలెత్తితే గుత్తులు, అనాబ్-ఎ-షాహి, గోలీలంత కాయలు. ఇప్పుడు ఆ తోటల చోట వెంచర్లు లేచాయి, అది వేరే ఏడుపు. కియాంతిలో మీకు పందిళ్ళు కనపడవు. నడుమెత్తు తీగలు, ఇనప తీగలకి కట్టి వరసలు వరసలుగా కొండవాలు మీద. కాయ చిన్నది, గుజ్జుతో పోలిస్తే తోలు ఎక్కువ, లోపల గింజలు. తినడానికి పనికిరాదని మీరంటారు, వైన్‌కి అదే కావాలని వాళ్ళంటారు, ఎందుకంటే ఎర్ర వైన్‌కి రంగూ వగరూ వచ్చేది ఎక్కువగా తోలు నుంచే. ఆ వగరు చూసి "పాడైపోయిందేమో" అని చాలామంది గ్లాసు పక్కన పెట్టేస్తారు. నేరేడు పండు తిన్నాక నాలుక ఎలా పట్టేస్తుందో అదే ఇది. ఒట్టిగా తాగితే నాక్కూడా నచ్చదు, నూనె, టమాటా, జున్ను పక్కన పెట్టుకుంటేనే దాని సంగతి తెలుస్తుంది. అందుకే ఇప్పుడు టేస్టింగ్ భోజనంతో కలిపి పెట్టాం.

సీసా మీద నల్ల కోడిపుంజు బొమ్మ ఉంటే అది కియాంతి క్లాసికో. ఉట్టి కియాంతి వేరు, క్లాసికో వేరు. ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ మధ్య ఉన్న అసలు పాత ప్రాంతం క్లాసికో, 1716లోనే ఇక్కడి ప్రభువు మూడో కోసిమో దానికి హద్దులు రాయించాడు. కనీసం 80 శాతం సాంజొవేజే ద్రాక్ష ఉండాలి. మామూలుదానికి 12 నెలలు, దాని పై రకం రిజర్వాకి 24, అన్నిటికంటే పై రకం గ్రాన్ సెలెజియోనేకి 30 నెలలు ఆగాకే అమ్మాలి. కోడి కథ వ్యాన్‌లో చెప్తాను, కానీ రానివాళ్ళ కోసం క్లుప్తంగా: రెండు ఊళ్ళకీ సరిహద్దు గొడవ, కోడి కూయగానే రెండు వైపుల నుంచీ రౌతులు బయల్దేరాలి, ఎక్కడ కలిస్తే అదే హద్దు. సియెనా వాళ్ళు తెల్ల కోడిని బాగా మేపారు, అది నిద్రపోయింది. ఫ్లోరెన్స్ వాళ్ళు నల్ల కోడిని పస్తు పెట్టారు, అది ఆకలికి అర్ధరాత్రే కూసింది. అంతే, కియాంతి దాదాపు అంతా ఫ్లోరెన్స్‌కి పోయింది. కథే అనుకోండి, ఆకలితో ఉన్నవాడే ముందు లేస్తాడని మా నాన్న కూడా అనేవాడు.

తాగనివాళ్ళ గురించి ఇన్నాళ్ళూ నేను సరిగ్గా ఆలోచించలేదు. మన కుటుంబాల్లో సగం మంది తాగరు, అయినా అందరి దగ్గరా ఒకే డబ్బు తీసుకుని అత్తమామల్ని ద్రాక్షరసం గ్లాసుతో మూలన కూర్చోబెట్టాను. ఇక నుంచి తాగనివాళ్ళకి 20 యూరోలు తక్కువ, వాళ్ళకి ఆలివ్ నూనెల రుచి చూపిస్తారు, సెల్లార్ అందరూ చూడొచ్చు. నన్ను మాత్రం "ఒక్క గుక్క అన్నా, ఏమవుతుంది" అని బలవంతం చేయొద్దు. మామూలు డ్రైవర్లకి ఇక్కడ లీటరు రక్తానికి అర గ్రాము ఆల్కహాల్ దాకా ఊరుకుంటారు, మాలాగా డబ్బు తీసుకుని నడిపేవాళ్ళకి సున్నా. ఒక్క గుక్కకి నా బతుకుతెరువు పోతుంది.

భోజనంలో శాకాహారులకి ఇబ్బంది లేదు, రిబొల్లీతా అని చిక్కుళ్ళు, ఆకుకూర, పాత రొట్టె వేసి ఉడికించే చారులాంటిది ఉంటుంది, పీచి అని చేత్తో చేసే లావు నూడుల్స్ వెల్లుల్లి టమాటాతో ఇస్తారు. రొట్టెలో ఉప్పుండదు, మర్చిపోయి కాదు, టస్కనీ రొట్టే అంత. ఇంకోటి, పెకొరినో జున్ను పాలు విరగడానికి చాలాచోట్ల దూడ లేదా గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన పదార్థమే వాడతారు. పట్టింపు ఉన్నవాళ్ళు ముందే చెప్పండి, మొక్కల నుంచి తీసినదాంతో చేసింది అడిగి పెట్టిస్తాను. ఇది కూడా మొదటి ఏడాది నాకు తెలియదు, తెలిశాక ఎవరెవరికి తినిపించానో తలుచుకుని సిగ్గుపడ్డాను. ఆవకాయ సీసా తెచ్చుకోండి గానీ బల్ల మీద పెట్టకండి, వంటావిడ నొచ్చుకుంటుంది.

సాన్ జిమిన్యానోకి సాయంత్రం వెళ్ళడమే ఈ మార్పులో నాకు బాగా నచ్చింది. ఐదు దాటితే బస్సులన్నీ దిగిపోతాయి, వీధుల్లో ఊరివాళ్ళ మాటలు వినిపిస్తాయి. ఒకప్పుడు 72 గోపురాలు ఉండేవంటారు, ఇప్పుడు 14 ఉన్నాయి. యాత్రికుల దారి మీదున్న ఊరు, కుంకుమపువ్వు వ్యాపారంలో డబ్బు దండిగా వచ్చింది, పక్కింటివాడి కంటే నాది ఎత్తుగా ఉండాలని గోపురాలు కట్టుకున్నారు. ఇక్కడా అదే 1348 ప్లేగు, ఐదేళ్ళకి ఫ్లోరెన్స్ చేతిలోకి పోవడం, ఆ తర్వాత ఊరు చితికిపోయింది. కూల్చి కొత్తవి కట్టుకునే స్తోమత లేక ఉన్నవి అలాగే మిగిలాయి. ఎత్తైన తొర్రే గ్రోస్సా 54 మీటర్లు, ఎక్కగలిగితే ఎక్కండి. లేదంటే బావి ఉన్న చౌక్‌లో మెట్ల మీద ఐస్‌క్రీమ్ తింటూ కూర్చోండి, అదీ తక్కువేం కాదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తొందరగా చీకటి పడుతుంది కాబట్టి వరస తిరగేస్తాం, సాన్ జిమిన్యానో ముందు. అప్పుడు తోటలు మోడుగా ఉంటాయి, పొద్దుతిరుగుడు పూలు జూన్ చివర్లో, జూలైలోనే. జనవరిలో వచ్చి "ఫోటోలో చూపించింది ఏదీ" అంటే నేనేం చేయలేను.

ధర 160 నుంచి 185 యూరోలయింది. పెరిగిన దాంట్లో ఎక్కువ భాగం గైడ్‌కీ తోట భోజనానికీ పోతుంది, కొంత నాకూ మిగులుతుంది, మిగలదని అబద్ధం చెప్పను. ఇప్పటికే పాత ధరకి బుక్ చేసినవాళ్ళకి పాత ధరే, కానీ ట్రిప్ కొత్తదే. పీసా కోసమే తీసుకున్నాం అంటే మొత్తం డబ్బు వెనక్కి, ప్రశ్నలేం ఉండవు, బయల్దేరే రోజుకి వారం ముందు చెప్పండి చాలు.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ సంగతి బుకింగ్ అప్పుడే చెప్పండి, దాచొద్దు. సియెనాలో కింది నుంచి ఊళ్ళోకి ఎస్కలేటర్లున్నాయి, ముందే తెలిస్తే వాటి దగ్గరే దింపుతాను. పోయినసారి ఒక ఆంటీ "నాకేం కాదు బాబూ" అంటూ మొత్తం ఎక్కి, పైకొచ్చాక ఎస్కలేటర్ చూసి నా వైపు చూసిన చూపు ఇంకోసారి చూడలేను.