చిల్లర్ కంట్రోలర్లు బీఎంఎస్‌కి కలవని విషయమై ఫిర్యాదు

తేదీ: 18-06-2024
హైదరాబాద్

సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: మీరు సరఫరా చేసిన 200 టన్నుల చల్లబరిచే సామర్థ్యం ఉన్న రెండు చిల్లర్లు (ఏసీకి నీళ్ళు చల్లబరిచే యంత్రాలు) మా బిల్డింగ్ బీఎంఎస్ (బిల్డింగులోని యంత్రాలను కంప్యూటర్ నుంచి నడిపే వ్యవస్థ) నెట్‌వర్కుకు ఇప్పటికీ సరిగా కలవకపోవడం గురించి.

అయ్యా,

నానక్‌రామ్‌గూడలోని మా ఆఫీసు బిల్డింగుకు నేను ఫెసిలిటీ మేనేజర్‌ని. మీ చిల్లర్లు చల్లబరచడంలో లోపం లేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. నా గొడవంతా వాటి కంట్రోలర్లతోనూ, వాటి గురించి మీ వాళ్ళు చెప్పిన మాటలతోనూ.

మీ కొటేషన్‌లోనూ, మా పీవో (కొనుగోలు ఆర్డర్) లోనూ "బ్యాక్‌నెట్ ఎంఎస్‌టీపీ" అని రాసి ఉంది. అది కంట్రోలర్లు బీఎంఎస్‌తో మాట్లాడుకునే ఒక భాష లాంటిది. తీరా వచ్చిన కంట్రోలర్లలో మోడ్‌బస్ అనే మరో పాత భాష పోర్టు మాత్రమే ఉంది. ఇదేమిటని అడిగితే మీ టెక్నీషియన్ అన్న మాట: "రెండూ ఆర్ఎస్-485 మీదే కదా సార్, రెండూ ఒకటే." ఆర్ఎస్-485 అంటే సంకేతాలు పోయే వైర్ల పద్ధతి మాత్రమే. ఒకే రోడ్డు మీద ఆర్టీసీ బస్సూ పోతుంది, ఎడ్లబండీ పోతుంది, అంతమాత్రాన రెండూ ఒకటైపోవు. 1979లో వచ్చిన మోడ్‌బస్‌లో ఏ రిజిస్టర్‌లో (ఒక్కో విలువ ఉండే నంబరు గడిలో) ఏముందో కాగితం చూసుకుంటే తప్ప తెలియదు. 1995లో అష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) ప్రమాణంగా వచ్చిన బ్యాక్‌నెట్‌లో ప్రతి పాయింటూ (అంటే ప్రతి రీడింగూ, సెట్టింగూ) తన పేరు, యూనిట్ తానే చెప్పుకుంటుంది. ఆ తేడా కోసమే పీవోలో అలా రాయించాం. బ్యాక్‌నెట్ కార్డు కావాలంటే విడిగా కొనాలని తర్వాత మీ సేల్స్ వాళ్ళు చెప్పారు. ఎండలు ముదురుతున్నాయి, వాదించే టైమ్ లేదు. కార్డులకు ఆర్డరిచ్చి, అవి వచ్చేదాకా మోడ్‌బస్ మీదే నడుపుదామని ఒప్పుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు.

మే 3 సాయంత్రం మోడ్‌బస్ కలిపారు. మీరిచ్చిన రిజిస్టర్ లిస్టులో 11 సెట్ పాయింట్ (నీళ్ళు ఎంత చల్లగా ఉండాలో మనం పెట్టే అంకె), 12 చిల్లర్‌లోకి తిరిగొచ్చే నీటి టెంపరేచర్, 13 బయటికి పోయే నీటి టెంపరేచర్. ఆ నంబర్లు సున్నా నుంచి లెక్కించినవా, ఒకటి నుంచి లెక్కించినవా అన్న ముక్క ఆ లిస్టులో ఎక్కడా లేదు. మా బీఎంఎస్ సాఫ్ట్‌వేర్ ఒకటి నుంచి అనుకుని, ఇచ్చిన నంబరులోంచి ఒకటి తీసేసి అడుగుతుంది. మీవి సున్నా నుంచి. దాంతో 13 అడిగితే 12 వచ్చింది, 12 అడిగితే 11 వచ్చింది.

మే 12 ఆదివారం. బిల్డింగులో ఒక్క సపోర్ట్ ఫ్లోర్ తప్ప అన్నీ ఖాళీ. అయినా రెండు చిల్లర్లూ తిరుగుతున్నాయని ఆపరేటర్ ఫోన్ చేశాడు. వెళ్ళి చూస్తే స్క్రీన్ మీద సప్లై (బయటికి పోయే నీళ్ళు) 12.4 డిగ్రీలు, రిటర్న్ (తిరిగొచ్చే నీళ్ళు) 7.0. బిల్డింగంతా తిరిగి వేడెక్కి రావాల్సిన నీళ్ళు పోయిన వాటికంటే చల్లగా వస్తున్నాయట! పైగా ఆ 7.0 అరగంట చూసినా కదల్లేదు. కదలదు మరి, అది సెట్ పాయింట్. ప్లాంట్ రూమ్‌లోకి దిగి చిల్లర్ ప్యానెల్ చూస్తే సప్లై 7.2. నమ్మకం కుదరక పైపు థర్మోవెల్‌లో (థర్మామీటర్ దూర్చే గొట్టంలో) థర్మామీటర్ పెట్టించాను. అదీ ఏడుకి కాస్త పైనే చూపించింది.

జరిగిందేమిటంటే, సప్లై నీళ్ళు 12 దాటాయి కాబట్టి ఒక చిల్లర్ చాలడం లేదనుకుని బీఎంఎస్ రెండోదాన్ని, దాంతోపాటు దాని పంపుల్నీ, కూలింగ్ టవర్ ఫ్యాన్‌నీ ఆన్ చేస్తూ వచ్చింది. తొమ్మిది రోజుల రాత్రుళ్ళూ, రెండు వీకెండ్లూ కలిపి 70 గంటలకు పైగా రెండో చిల్లర్ అక్కర్లేకుండా నడిచింది. బీఎంఎస్ కలిపిన రోజు నుంచి మా వాళ్ళు లాగ్‌బుక్‌ను ప్యానెల్ చూసి కాకుండా స్క్రీన్ చూసి నింపారు, అది మా తప్పు. కానీ స్క్రీన్ అబద్ధం చెప్పడానికి కారణం మీ లిస్టు.

ఈ సంగతి మీ సర్వీస్ వాళ్ళకు చెబితే "కేబుల్ చెక్ చేయించండి సార్, నాయిస్ అయ్యుంటుంది" అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. నాయిస్, అంటే వైర్లలో విద్యుత్ అలజడి, ఉంటే రీడింగే రాదు, లేదా వస్తూ పోతూ ఉంటుంది. పక్క రిజిస్టర్‌లోని విలువ తప్పు లేకుండా తొమ్మిది రోజులు రాదు కదా. అయినా మీ తృప్తి కోసం పవర్ ఆపి రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టించాను. 60 ఓమ్‌ల దగ్గర ఆగింది, అంటే రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు (సమాంతరంగా రెండూ కలిస్తే 60) ఉండాల్సినట్టే ఉన్నాయి.

మే 30న బ్యాక్‌నెట్ కార్డులు వచ్చాయి. జూన్ 4న మీ మనిషి వచ్చి బిగించి, స్విచ్‌లతో అడ్రస్‌లు 4, 5 అని పెట్టి వెళ్ళిపోయాడు. రెండు కార్డుల డివైస్ ఇన్‌స్టాన్స్ నంబరు (బ్యాక్‌నెట్‌లో పరికరం గుర్తింపు నంబరు) మాత్రం ఫ్యాక్టరీలో పెట్టిందే, రెండింటికీ ఒకటే. నెట్‌వర్క్ మొత్తంలో ఒక నంబరు ఒక్కదానికే ఉండాలని వేరే చెప్పాలా? స్క్రీన్ మీద ఇప్పుడు ఒక చిల్లరే కనిపిస్తోంది. అదీ ఒకసారి మొదటిది, ఒకసారి రెండోది. ఆ నంబరు మార్చాలంటే సర్వీస్ పాస్‌వర్డ్ కావాలట. జూన్ 11న వచ్చిన మీ మనిషి దగ్గర అది లేదు. హెడ్ ఆఫీసుకు మెయిల్ పెట్టానన్నాడు, వారం అయింది. ఈలోగా ఆపరేటర్లు షిఫ్టుకు నాలుగుసార్లు కిందికి దిగి చేత్తో ఆన్, ఆఫ్ చేస్తున్నారు. రాత్రి షిఫ్ట్ కుర్రాడు ఫోన్ చేస్తే చాలు నాకు టెన్షన్.

మీ నుంచి నేను కోరేది ఇదీ. సర్వీస్ పాస్‌వర్డ్, ల్యాప్‌టాప్ రెండూ ఉన్న మనిషిని ఈ వారంలో పంపండి, రెండు చిల్లర్లూ బీఎంఎస్‌లో విడివిడిగా కనబడి, ప్యానెల్ రీడింగూ స్క్రీన్ రీడింగూ ఒక్కటేనని మా ఎదుట చూపించి సంతకం పెట్టాకే వెళ్ళాలి. కార్డులకు వసూలు చేసిన డబ్బు వాపసు ఇవ్వండి, పీవో ప్రకారం అవి మొదట్లోనే రావాల్సినవి. సరిచేసిన రిజిస్టర్ లిస్టుతోపాటు ఈ కార్డు ఏమేం చేయగలదో చెప్పే పిక్స్ డాక్యుమెంట్ కూడా పంపండి, ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. ఆ తొమ్మిది రోజుల్లో రెండో చిల్లర్ కంప్రెసర్ అనవసరంగా తిరిగిన గంటలు, స్టార్టులు వారంటీ లెక్కలోకి రావని రాసి ఇవ్వండి. అదనంగా కాలిన కరెంటు లెక్క, స్క్రీన్ ఫోటోలు, బీఎంఎస్ ట్రెండ్ ప్రింట్లు ఈ లేఖకు జతచేశాను. ఆ ఖర్చు సంగతి మీ కమర్షియల్ వాళ్ళతో విడిగా మాట్లాడతాను.

వచ్చే మనిషి ఒకరోజు ముందు ఫోన్ చేస్తే మా బీఎంఎస్ ఇంజనీరును కూడా పిలిపిస్తాను, మళ్ళీ మీరు వాళ్ళనీ, వాళ్ళు మిమ్మల్నీ అనుకునే పని ఉండదు. శనివారం మధ్యాహ్నం రెండు తర్వాతైతే గంటసేపు ప్లాంటు ఆపగలను. మిగతా రోజుల్లో కుదరదు.

ఇట్లు,
ఫెసిలిటీ మేనేజర్