దేవుడి పటం వెనక దొరికిన ఫోటో

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మళ్ళీ పొద్దున్నే బీచ్ రోడ్డుకి నడకకి వెళ్తోంది. అల్లుడు గారిని అడిగానని చెప్పు.

మొన్న ఫోన్లో "ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఫోటో పట్టుకుని ఈ వయసులో ఎండలో ఆ తిరుగుడేంటి నాన్నా" అన్నావు. నీ కోపం నా ఆరోగ్యం గురించేనని తెలుసు. కానీ అప్పుడు నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. హడావిడిగా చెప్పే సంగతి కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

కిందటి ఏడాది కార్తీక మాసంలో మా పెద్దమ్మని చూడడానికి ఊరెళ్ళాను కదా. దేవుడి గూట్లో ఉన్న వేంకటేశ్వరస్వామి పటానికి చెద పట్టిందని, కొత్త చట్రం కట్టించుకు రమ్మని నా చేతికిచ్చింది. శ్రీకాకుళంలో పటాలు కట్టే కొట్టుకి తీసుకెళ్ళాను. ఆ కుర్రాడు వెనక మేకులు పీకి చెక్క తీస్తే, స్వామి బొమ్మకీ చెక్కకీ మధ్య ఒక దళసరి అట్ట కనబడింది. బొమ్మ కదలకుండా దన్నుగా పెట్టారనుకున్నాను. "ఇది పారేయమంటారా సార్?" అంటూ తిప్పాడు. అట్ట మీద నుంచి ఐదుగురు మనుషులు మా వైపు చూస్తున్నారు.

కాదు, నలుగురే మా వైపు చూస్తున్నారు. కుర్చీలో కూర్చున్నాయన పంచె మీద నల్ల కోటు వేసుకుని తలపాగా చుట్టుకున్నాడు. పక్కన నిలబడ్డ కుర్రాడికి మీసం ఇంకా సరిగ్గా రాలేదు. ముందు ఇద్దరు పిల్లలు. చిన్నది కదిలిపోయింది కాబోలు, దాని మొహం మసకగా పడింది. ఐదో మనిషి ఒకావిడ, కుర్చీ వెనక నిలబడింది. ముక్కుకి అడ్డబాస, రెండు చేతులూ కుర్చీ వీపు మీద. ఆవిడ కెమెరా వైపు చూడడం లేదు, కదిలిపోతున్న పిల్ల వైపు చూస్తోంది. వెనక తెర మీద స్తంభాలూ మెట్లూ పూలకుండీ బొమ్మలు. అట్ట కింద అంచున స్టూడియో పేరుని చెద తినేసింది, ఒక్క మాట మిగిలింది: రంగూన్.

పెద్దమ్మకి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి "ఎవరో తెలీదు నాయనా" అంది. తొంభై ఏళ్ళ మనిషి, చూపు బాగా తగ్గింది. మన వాళ్ళెవరూ రంగం వెళ్ళలేదని మాత్రం గట్టిగా చెప్పింది. మన వైపు పాతవాళ్ళు బర్మాలోని రంగూన్‌ని రంగం అనేవారులే. కళింగపట్నం, బారువ, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరు ఎక్కి బతుకుతెరువుకి పోయేవారు. 1931 లెక్కల నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. ఆ రేవులో బరువులు మోసిన కలాసీల్లో మన తెలుగు వాళ్ళే ఎక్కువ. ఇన్ని వేల ఇళ్ళలో ఇది ఎవరి ఇల్లని వెతకను?

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. ఫోటో మీద మరక చూసి ఆత్రం ఆపుకోలేక తడిగుడ్డతో తుడిచాను. కూర్చున్నాయన పాదం దగ్గర పొర లేచి గుడ్డకి అంటుకుపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాత ఫోటోలో బొమ్మ ఉండేది కాగితం మీది సన్నటి జిలాటిన్ పొరలో. తడి తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. అప్పటి నుంచి మెత్తటి పొడి బ్రష్షు తప్ప ఇంకేదీ తగలనివ్వలేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. పక్క ఊళ్ళో ఒక కుటుంబం వాళ్ళ తాత రంగం వెళ్ళాడని విని ఫోటో పట్టుకుపోయాను. ఆ ఇంటి పెద్దాయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు. "మా తాతే, ఆ నుదురు చూడండి" అన్నాడు. నాక్కూడా అలాగే అనిపించింది. మనం చూడాలనుకుంటే ఏ నుదురైనా మన తాత నుదురులాగే ఉంటుంది. కాఫీ తాగి, సంతోషంగా ఇంటికొచ్చాను. కాపీ తీసి ఇస్తానని ఫోటో నా దగ్గరే ఉంచుకోవడం మంచిదైంది.

అట్ట వెనక చెద మట్టి పేరుకుపోయి ఉందని చెప్పలేదు కదూ. రోజూ కాస్త కాస్త బ్రష్షుతో దులుపుతూ వచ్చాను. పది రోజులకి సిరా అక్షరాలు బయటపడ్డాయి. "అమ్మకు చూపించవలెను. అందరమూ క్షేమము. ప్రమోదూత మాఘము." అంతే, ఒక్క పేరూ లేదు. ఊరు లేదు, ఇంటిపేరు లేదు. కానీ ఆ ఏడాది పేరు చూడగానే లేచి నిలబడ్డాను. నువ్వు పుట్టింది ప్రమోదూతలోనే తల్లీ, 1990లో! అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి ఇది 1930-31 అయినా కావాలి, 1870-71 అయినా కావాలి. ఫోటో అంచుల్లో వెండి పూసినట్టు నీలపు మెరుపు ఉంది. జిలాటిన్ కాగితం మీద వేసిన బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లకి వయసు మీదపడితే అలా వస్తుంది. 1870లో ఆ కాగితం లేదు, అప్పటివి గుడ్డు తెల్లసొనతో చేసిన పల్చటి కాగితం మీద వేసేవారు. కాబట్టి ఇది ప్రమోదూత మాఘం, అంటే 1931 మొదట్లో తీయించిన ఫోటో.

పక్క ఊరి వాళ్ళ తాత మొదటిసారి ఓడెక్కింది 1936లో అని వాళ్ళే చెప్పారు. మళ్ళీ వెళ్ళి, ఇది మీది కాదండీ అని చెప్పాల్సి వచ్చింది. ఆ పెద్దాయన ఏమీ అనలేదు, లోపలికి వెళ్ళిపోయాడు. ఆయనకి లేని ఆశ పెట్టింది నేనే. ఆ రోజు నుంచి రుజువు లేకుండా ఎవరికీ "మీ వాళ్ళే" అనలేదు.

ఆ "అందరమూ క్షేమము" అన్న మాట దగ్గర ఆగాను. ఉత్తరాల్లో అందరూ రాసేదే. కానీ 1930 సంగతులు చదివితే ఆ మాట బరువు తెలిసింది. ఆ మే నెల 5న రంగూన్ దగ్గరి పెగూలో భూకంపం వచ్చి వందల మంది పోయారు. అదే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తీరాక బర్మా వాళ్ళని పొమ్మనేసరికి, 26న రేవులో మొదలైన గొడవ ఊరంతా పాకింది. వందకు పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మన వాళ్ళే. ఆ కబురు మన ఊళ్ళకి చేరితే తల్లులు ఎలా ఉండి ఉంటారు? గొడవలు సద్దుమణిగాక, చదువు రాని తల్లి నమ్మాలంటే ఉత్తరం చాలదని, ఇంటిల్లిపాదినీ నిలబెట్టి ఫోటో తీయించి పంపాడన్నమాట ఆ కొడుకు.

మళ్ళీ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఈసారి చూపించలేదు, వెనకది చదివి వినిపించాను. "అమ్మకు చూపించవలెను" అనగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. తర్వాతి రెండు మాటలూ తనే అంది: "అందరమూ క్షేమము."

ఆ ఫోటో ఎదురింటి మామ్మది. పెద్దమ్మకి ఏడెనిమిదేళ్ళప్పుడు ఆ ముసలమ్మ, ఊళ్ళో చదువొచ్చిన వాళ్ళెవరు కనబడినా ఫోటో తిప్పి ఆ మూడు మాటలూ చదివించుకునేదట. పెద్దమ్మ అక్షరాలు కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం అదేనట. బొమ్మని కళ్ళు గుర్తుపట్టలేకపోయినా చెవి గుర్తుపట్టింది చూడు.

1941 డిసెంబరు 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. మార్చికల్లా ఊరు వాళ్ళ చేతికి పోయింది. లక్షల మంది అడవుల్లో, కొండల్లో నడిచి అస్సాం వైపూ చిట్టగాంగు వైపూ వచ్చారు, దారిలో ఎంతమంది రాలిపోయారో. మన ఊరికి వచ్చిన వాళ్ళలో ఆ కొడుకు లేడు. ఉత్తరాలూ ఆగిపోయాయి. ఏడాది చూసి, ఫోటోకి దండ వేసి కర్మ చేయించమన్నారు ఊరి పెద్దలు. దండ వేస్తే పోయినట్టు ఒప్పుకున్నట్టే. గోడ మీద దండ లేకుండా ఉంచితే వచ్చేపోయే వాళ్ళు అడుగుతారు. ఆ ముసలమ్మ ఒక రోజు ఫోటో తీసి స్వామి పటం వెనక పెట్టి మేకులు కొట్టించేసిందన్నమాట. "ఆయనే చూసుకుంటాడు" అని మాత్రం అందట. ఆవిడ 1944లో పోయింది. పటం మా అమ్మమ్మ ఇంటికి వచ్చింది. వెనక ఏముందో తెలిసిన వాళ్ళు ఒక్కొక్కరే పోయారు. చిన్నపిల్ల అయిన పెద్దమ్మకి ఎవరూ చెప్పలేదు.

నేను దన్నుగా పెట్టిన అట్ట అనుకున్నది ఇది చిట్టీ.

పెద్దమ్మ ఇంటిపేరు చెప్పింది. ఊరి పాత భూమి రికార్డులో ఆ ముసలమ్మ భర్త పేరూ, కొడుకు పేరూ దొరికాయి. ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు. కాగితాల్లో ఫలానా వారి భార్య, ఊళ్ళో వాళ్ళ నోట్లో రంగం కోడలు. కుర్చీ వెనక నిలబడ్డ ఆవిడ పేరు ఎవరికీ తెలీదు. నాకు అప్పటి నుంచి అదే పట్టుకుంది.

విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది కదా. 1962లో బర్మాలో జనరల్ నె విన్ సైన్యం అధికారంలోకి వచ్చాక, 1964లో దుకాణాలన్నీ ప్రభుత్వం తీసేసుకుంది. ఆ మే నెలలో అక్కడి డబ్బు 50, 100 క్యాట్ నోట్లు చెల్లవన్నారు. అలా ఉన్నదంతా పోగొట్టుకుని ఓడల్లో తిరిగొచ్చిన వాళ్ళ కోసం ఏర్పడిన పేట అది. అక్కడ నాలుగుసార్లు తిరిగాను. నూడిల్స్ బండి దగ్గర ఒకాయనకి ఇంటిపేరు చెబితే, ఇంకో సందులో ఒకావిడ దగ్గరికి పంపాడు. ఎండలో తిరుగుతున్నానని అమ్మ నీకు చెప్పింది ఆ రోజుల్లోనే.

ఆవిడకి డెబ్బై దగ్గర పడుతున్నాయి. తొమ్మిదేళ్ళ పిల్లగా ఓడ దిగిందట. నేను ఫోటో బయటికి తీయలేదు, పక్క ఊరి అనుభవం ఉంది కదా. మీ తాతగారి సంగతులు చెప్పమ్మా అన్నాను. యుద్ధంలో రంగూన్ వదిలి లోపలి పల్లెలకి పోయి దాక్కున్నారట. తాతయ్య అక్కడే జబ్బు చేసి పోయాడట. మాటల్లో మాటగా ఆవిడే అంది: "మా అమ్మ ఎప్పుడూ అనేది బాబూ. గొడవల తర్వాత తాతయ్య ఫోటో తీయించి ఊరికి పంపాడట. ఆ ఫోటోలో నేనూ ఉన్నాను గానీ కనబడను అనేది."

నాకు ఒళ్ళు జలదరించింది. ఫోటో తీసి ఒళ్ళో పెట్టాను.

రెండు చేతులూ కుర్చీ వీపు మీద వేసి, ఆవిడ కుర్చీ వెనక ఎందుకు నిలబడిందో అప్పుడర్థమైంది. ఏడో నెలో ఎనిమిదో నెలో. కడుపుతో ఉండి ఫోటో దిగడానికి సిగ్గుపడి ఉంటుంది, దిష్టి భయమూ ఉండి ఉంటుంది. కుర్చీ చాటు చేసుకుంది. భూతద్దంతో నేను వంద సార్లు చూశాను, ఒక్కసారీ తోచలేదు. వాళ్ళ అమ్మ పుట్టింది 1931 వేసవిలోనట.

ఆవిడ ఏడవలేదు. లేచి లోపలికి వెళ్ళి ఒక ఇత్తడి చెంబు తెచ్చింది. అమ్మమ్మ పెళ్ళికి పుట్టింటి వాళ్ళిచ్చింది. బంగారం పట్టుకు రానివ్వలేదు గానీ చెంబుని ఎవరూ పట్టించుకోలేదట. అంచు కింద, మన ఇళ్ళలో సామాను మీద పేర్లు కొట్టిస్తాం చూడు, అలా చుక్కలు చుక్కలుగా ఒక పేరు. తోమీ తోమీ చాలా వరకు అరిగిపోయింది. కంటికి ఆనలేదు. వేలితో తడిమితే తెలిసింది.

అసలు ఫోటో వాళ్ళకే ఇచ్చేశాను. లామినేషన్ చేయించవద్దనీ, అద్దానికి ఆనకుండా చుట్టూ అట్ట పెట్టి కట్టించమనీ చెప్పాను. హాల్లో పెట్టారు. దండ వేయలేదు. "ఆ ముసలమ్మ వేయనివ్వలేదు కదా బాబూ" అంది ఆవిడ.

తర్వాత ఇంటికొచ్చి మన ట్రంకు పెట్టె దించాను. డెబ్బై మూడు ఫోటోలున్నాయి. అందులో ఇరవై ఎనిమిదింట్లో మనుషులు నాకు తెలీదు, సొంత మేనత్త పెళ్ళి ఫోటోతో సహా. మీ అమ్మమ్మ దగ్గర రోజుకి మూడేసి పెట్టుకుని కూర్చుంటున్నాను. ఎక్కువ పెడితే అలసిపోతుంది. పేర్లు మెత్తటి పెన్సిల్‌తో వెనక అంచున రాస్తున్నాను, బాల్ పెన్ను వాడితే ముందుకి అచ్చు పడుతుంది. ఆవిడ మాటలు ఫోన్లో రికార్డు చేస్తున్నాను. ఆదివారం నువ్వు వీడియో కాల్ చేసినప్పుడు, ఆ గుర్రబ్బండి ఫోటో గురించి అడుగు. నాకు చెప్పనివి నీకు చెబుతుంది.

ఈ కవరులో ఆ రంగం ఫోటో కాపీ ఒకటి పెట్టాను. విప్పేటప్పుడు మడత పడకుండా చూసుకో. ఆవిడ పేరు ఈ ఉత్తరంలో రాయలేదు. ఫోటో వెనక పెన్సిల్‌తో రాశాను. తిప్పి, ఒకసారి పైకి చదువు.

ఇట్లు,
నాన్న