కింద రాయి, లోపల సొరుగులు

ఫ్రాంక్‌ఫర్ట్

నాన్నా, నమస్కారం.

మన కొత్త ఇంటి వంటగదికి మీరు పంపిన కొటేషన్లు రెండూ చదివాను, తయారుగా ఉన్న డబ్బాలు తెచ్చి బిగించే మాడ్యులర్ వాళ్లదీ, మన మేస్త్రీ గారూ కార్పెంటరూ కలిసి వేసిన లెక్కా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతాం, అందుకే రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: కింది భాగం ఇటుక, కడప బండతోనే కట్టించండి. దాని లోపల సొరుగులు పెట్టించండి. మొత్తం చెక్క డబ్బాల కిచెన్ మన కాకినాడ ఇంటికి వద్దు.

"మీ దగ్గర అన్నీ మాడ్యులరే కదా" అన్నారు. నిజమే, కానీ ఇక్కడి అవసరం వేరు. జర్మనీలో చాలా అద్దె ఇళ్లకి వంటగదే ఉండదు. గోడలు, నీళ్ల పైపు, కరెంటు పాయింటు, అంతే. అద్దెకొచ్చినవాళ్లే కిచెన్ కొని బిగించుకుంటారు, ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకుపోతారు. మొన్న మా పైఇంటివాళ్లు వెళ్తుంటే సాయానికి వెళ్లాను. గట్టు కింద అడ్డంగా ఉన్న పలక చేత్తో లాగితే ఊడొచ్చింది. వెనకాల డబ్బాకి నాలుగేసి ప్లాస్టిక్ కాళ్లు, మర తిప్పితే ఎత్తు మారేవి. మధ్యాహ్నానికల్లా వంటగది మొత్తం వ్యాన్‌లో ఉంది. ఇళ్లు మారేవాళ్లకి ఇది మంచి ఏర్పాటే. మీరూ అమ్మా ఈ ఇల్లు కట్టుకుంటున్నది ఇంకెక్కడికీ కదలకుండా ఉండటానికి కదా.

ఈ పద్ధతికి పేరు తెచ్చిన వంటగది పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఇక్కడి నగరపాలక సంస్థ కట్టిస్తున్న ఇళ్ల కోసం దాన్ని గీశారు. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. రైల్లో భోజనాల పెట్టెకి ఉండే వంటగదిని చూసి నేర్చుకున్నారట. కూర్చుని కూరగాయలు తరగడానికి కిటికీ దగ్గర స్టూలు, బియ్యం, పంచదార లాంటివి పోసుకోవడానికి అల్యూమినియం సొరుగులు. దాదాపు 10,000 ఇళ్లలో పెట్టారు. వండే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో ముందు చూసి, ఆ తర్వాత అరలు గీశారావిడ. మనం తీసుకోవాల్సింది ఆ ఆలోచన.

ఇక నీళ్ల సంగతి. ఇక్కడివాళ్లు గట్టుని తడిగుడ్డతో తుడుస్తారు. అమ్మ రోజూ రాత్రి చెంబుతో నీళ్లు పోసి కడుగుతుంది, అలా కడగనిదే ఆవిడకి నిద్ర పట్టదు. మా సింక్ కింద పైపు జాయింటు కొద్దిగా కారితేనే డబ్బా పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు అతికించి చేసే పలక) అంచు నానిన అట్టలా ఉబ్బిపోయింది. అక్కడ స్క్రూ మళ్లీ పట్టలేదు. మన ఊళ్లో సముద్రపు గాలి, చెదలు కూడా ఉన్నాయి. కడప బండని ఇవేవీ ఏమీ చెయ్యలేవు.

అయితే పాత పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటుంది. కింది అరలో వెనక వరసలో ఉన్న దబర కావాలంటే అమ్మ నేల మీద కూర్చుని, ముందున్నవన్నీ బయట పెట్టి తీయాలి. ఆ మోకాళ్లతో ఎన్నాళ్లు? అందుకే పొయ్యికి రెండు పక్కలా సొరుగులు పెట్టించండి. సొరుగు పూర్తిగా బయటికొచ్చే చానెల్ (సొరుగు జారే పట్టాలు) అడగండి, కనీసం 30 కిలోలు మోయాలి, తుప్పు పట్టకుండా 304 రకం స్టీలు అయితే మేలు. మేస్త్రీ గారికి మాత్రం ఇప్పుడే గట్టిగా చెప్పాలి: సొరుగులు వచ్చేచోట రెండు గోడల మధ్య ఖాళీ పైనా కిందా, ముందూ వెనకా ఒకే కొలత ఉండాలి. పావు అంగుళం తేడా వచ్చినా సొరుగు పట్టేస్తుంది. కొలత ప్లాస్టరింగ్ అయ్యాక చూడాలి, ముందు కాదు.

పైన గోడకి బిగించే అలమరలు కార్పెంటర్‌తో ప్లైవుడ్‌వే చేయించండి. బోర్డు మీద ఐఎస్ 710 ముద్ర, అంటే తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు, మీ కళ్లతో చూశాకే కోయనివ్వండి. పొయ్యికి సరిగ్గా పైన మాత్రం చిమ్నీ తప్ప ఏమీ వద్దు.

గ్యాస్ బండ పెట్టే అరకి తలుపు పెట్టించినా, నేలకి దగ్గరగా గాలి పోయే దారి ఉండాలి. వంట గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. ఈ విషయంలో ఎవరేం చెప్పినా వినకండి.

గట్టు ఎత్తు అమ్మని బట్టి పెట్టాలి. ఇక్కడ 36 అంగుళాలు మామూలే, అమ్మకి అది చాలా ఎక్కువ. చెప్పుల్లేకుండా నిలబెట్టి, మోచెయ్యి మడిపించి, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. దానికంటే నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందికి ఉంటే భుజాలు లాగవు.

మాడ్యులర్ వాళ్లకి అడ్వాన్స్ ఇవ్వకండి. ఆదివారం వీడియో కాల్ చేస్తాను. అప్పటికి మేస్త్రీ గారిని కూడా రమ్మనండి, అమ్మ ఏ గిన్నె ఎక్కడ కావాలంటుందో ఆవిడే ఆయనకి చూపిస్తుంది.

మీ పెద్దమ్మాయి