ఏసీలో నింపిన గ్యాస్ ఎన్ని గ్రాములో బిల్లులో రాయండి

సంపాదకులకు,

ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు బస్సుల కింద పడుకుని పనిచేసి రిటైరైన మెకానిక్‌ను. ఈ మే నెల దాకా ఏసీల సంగతి నాకు ఓనమాలు కూడా తెలీదు.

మా ఇంట్లో ఉన్నది మా అమ్మాయి ఢిల్లీ నుంచి బదిలీ మీద వస్తూ తెచ్చిచ్చిన హాట్ అండ్ కోల్డ్ ఏసీ. హీట్ పంప్ అనేది ఇదే. కడపలో వేడి ఎవరిక్కావాలి అనకండి, మా ఆవిడకు ఉబ్బసం. డిసెంబరు తెల్లవారుజాముల్లో అదే దిక్కు.

మే మొదటి వారంలో గాలి తప్ప చల్లదనం రాలేదు. రిపేరుకు వచ్చినాయన ప్రెషర్ మీటరు తగిలించి, "గ్యాస్ అయిపోయింది సామీ" అని 2,800 తీసుకున్నాడు. పది రోజులకు మళ్లీ మొదటికే. ఇంకొకాయన, మళ్లీ గ్యాస్, మళ్లీ 2,800. ఈసారి మధ్యాహ్నానికి మిషనే ఆగిపోసాగింది. తిరిగేకొద్దీ అయిపోడానికి అదేమన్నా డీజిలా? మూసిన గొట్టాల్లో తిరిగే గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతుండాలి. కారేచోట చాలాసార్లు నూనె జిడ్డు కూడా కనిపిస్తుంది. నట్లన్నీ తెల్లగుడ్డతో తుడిచి చూశాను, మరక పడలేదు.

మూడోసారి వచ్చింది పాతికేళ్ల కుర్రవాడు. "పెద్దనాయనా, కాస్త గొడుగు పడతారా" అని మిద్దెమీద బయటి పెట్టె విప్పాడు. లోపల బొటనవేలంత ఇత్తడి వాల్వు, దాని నెత్తిన టోపీలా నల్లటి కాయిల్. ఎక్స్‌పాన్షన్ వాల్వు అంట. లోపలి సూది జరుగుతూ, ద్రవంగా ఉన్న గ్యాస్‌ను ఎంత కావాలో అంతే వదులుతుంది. కరెంటు ఇవ్వగానే ఆ సూది ఒకసారి మూసుకుని మొదలవ్వాలి, అప్పుడు టకటకమని చప్పుడు రావాలి. స్క్రూడ్రైవర్ మొన వాల్వుకు ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాడు. ఇంజన్ల దగ్గర మేమూ అంతే. తర్వాత నా చేతికిచ్చాడు. ఏమీ వినబడలేదు. మల్టీమీటరు పెడితే కాయిల్‌లో ఒక చుట్టు తెగిపోయింది. సూది దాదాపు మూసుకున్నచోటే నిలిచిపోయింది.

గ్యాస్ తగ్గినా, వాల్వు ఇట్లా ఇరుక్కున్నా మీటరులో ప్రెషర్ తక్కువే చూపిస్తుందట, సన్నగొట్టం మీద మంచూ పేరుకుంటుందట. కాబట్టి ముందొచ్చిన ఇద్దరూ పొరబడ్డారంటే ఒప్పుకుంటాను. కానీ లీకు వెదక్కుండా గ్యాస్ ఎక్కించడమేంది? ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ ఇరుక్కుంటే ట్యాంకులో ఇంకో వంద లీటర్లు పోసినోణ్ని మా డిపోలో నేను చూడలేదు.

కాయిల్ 900. గొట్టాలు విప్పకుండానే పాతది లాగి కొత్తది తొడిగాడు. అసలు తంటా అదనంగా ఎక్కించిన గ్యాస్‌తోనే. పెట్టె మీది స్టిక్కరులో ఉండాల్సిన గ్యాస్ 1,050 గ్రాములని ఉంది. సిలిండరులోకి దించి తూస్తే 1,430! పైగా అది ఆర్-32 అనే రకం గ్యాస్, నిప్పు తగిలితే మండే గుణమున్నది. ముందొచ్చిన ఇద్దరి దగ్గరా కాటా లేదు. ఉర్లగడ్డల తోపుడుబండి మీద కూడా కాటా ఉంటుంది కదా!

లీకు ఎక్కడ దొరికింది, ఎన్ని గ్రాములు నింపారు అన్న రెండూ రిపేరు బిల్లులో రాయాలని అధికారులు నిబంధన పెట్టాలి. నా దగ్గరున్న రెండు బిల్లుల్లోనూ "గ్యాస్ ఫిల్లింగ్" అని మాత్రమే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్, కడప