పటాల్లో మనం: ఈ ఏటి కార్యకలాపాల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది కవి సమ్మేళనం, పిల్లల తెలుగు తరగతులు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. చెన్నైలోని రూపచిత్రాలను, విగ్రహాలను చూడటానికి మనం వెళ్ళిన మూడు ఆదివారాల గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. నా దృష్టిలో ఈ ఏడాది మనం చేసిన అసలు పని అదే.

మొదటిసారి సెయింట్ జార్జి కోట మ్యూజియానికి వెళ్ళాం. మూడవ జార్జి, విక్టోరియా రాణి, మద్రాసును ఏలిన దొరలు నిలువెత్తు పటాల్లో ఉన్నారు. ఎవరిని చూడాలన్నా తల ఎత్తవలసిందే. పాలించేవారి ముఖమే దేశానికి ముఖంగా చెల్లిన కాలమది. అప్పటి నోటు మీదా రాజుగారి బొమ్మే. 1949లో రూపాయి నోటు మీద ఆయన స్థానంలోకి అశోకుడి సింహాలు వచ్చాయి. గాంధీజీ బొమ్మ నోటుకెక్కింది 1969లో, ఆయన శతజయంతికి. ఈ సంగతి చెప్పగానే పెద్దలు కొందరు జేబులోని నోట్లు తీసి మళ్ళీ చూసుకున్నారు.

రెండోసారి ఎగ్మూరు మ్యూజియంలో రవివర్మ చిత్రాలు చూశాం. ఆయన 1889లో గీసిన గాయనీమణుల చిత్రం మైసూరులో ఉంది కాబట్టి దాని నకలు తీసుకువెళ్ళాం. అందులో పదకొండు మంది స్త్రీలు, తలో ప్రాంతపు కట్టూబొట్టూతో ఒకే చోట కూర్చుని ఉంటారు. స్వాతంత్ర్యానికి అర్ధశతాబ్దం ముందే ఒక చిత్రకారుడు ఇంతమందిని ఒక్క చాప మీదికి చేర్చినట్టు నాకు తోచింది.

మూడోసారి మెరీనా. దేవీప్రసాద్ రాయ్ చౌధురి 1929 నుంచి మద్రాసు చిత్రకళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆయన మలచిన శ్రామిక విజయ శిల్పం 1959లో ఇక్కడ వెలిసింది. నలుగురు కూలీలు బండను కదుపుతున్నారు. వారికి పేర్లు లేవు, బిరుదులు లేవు. కోటలోని దొరల తరవాత వీరిని చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి. తిరుగుదారిలో ఆంగ్లేయ దొర థామస్ మన్రో గుర్రం మీది విగ్రహం దగ్గర ఆగాం. దత్తమండలాలకు, అంటే నిజాం ఆంగ్లేయులకు ఇచ్చేసిన రాయలసీమ ప్రాంతానికి, కలెక్టరుగా పనిచేసిన ఆయన పేరును రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారు. ఏ ముఖం పరాయిది, ఏది మనది అన్న చర్చ బస్సులో ఇల్లు చేరేదాకా సాగింది.

ఆ తరవాత మన పిల్లలు తమ అమ్మమ్మలను, నానమ్మలను ఎదురుగా కూర్చోబెట్టుకుని గీశారు. వచ్చే ఉగాదికి ఆ బొమ్మలతో పాటు మీ ఇళ్ళలోని పాత ఫొటోలనూ ప్రదర్శిస్తాం. తెచ్చేటప్పుడు, అందులో ఉన్నవారి పేరు, ఊరు, చేసిన పని ఒక చీటీ మీద రాసి ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి