రోగితోపాటు కల్చర్ రిపోర్టు కూడా వెళ్లాలి

సంపాదకులకు నమస్కారములు.

యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా గురించి ఈమధ్య పత్రికల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. వాటిలో చాలావరకు తప్పంతా జనం మీదనో మెడికల్ షాపుల మీదనో వేసి ముగిస్తున్నారు. చీటీ లేకుండా మాత్రలు అమ్మడం నిజంగానే పెద్ద తప్పు. సెఫిగ్జిమ్, లివోఫ్లాక్సాసిన్ వంటి మందులు హెచ్‌1 షెడ్యూలు కిందికి వస్తాయి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న ఆ నిబంధన ప్రకారం వాటిని అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. దాన్ని కచ్చితంగా అమలు చేయవలసిందే. అయితే కర్నూలులో ఒక మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్న నాకు రోజూ కనబడే సమస్య వేరొకటుంది. ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి మారే రోగితోపాటు ఈ బ్యాక్టీరియా కూడా మారుతోంది, కానీ ఆ సంగతి రిఫర్ చీటీలో ఎక్కడా ఉండడం లేదు.

మన ప్రాంతంలో జబ్బు ముదిరిన మనిషి ఒకే ఆసుపత్రిలో ఉండి కోలుకోవడం అరుదు. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక నర్సింగ్ హోమ్‌లో చేరతాడు. అక్కడ తగ్గకపోతే కర్నూలు తీసుకొస్తారు. కొన్నాళ్లు ప్రైవేటు ఐసీయూలో ఉంచి, చేతిలో డబ్బు అయిపోగానే పెద్దాసుపత్రికి మారుస్తారు, లేదంటే అప్పు చేసి హైదరాబాదు తీసుకెళతారు. నంద్యాల, ఆత్మకూరు వైపు నుంచే కాక అటు గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా కర్నూలుకు రోగులు వస్తారు కాబట్టి, ఇన్ని చోట్ల బ్యాక్టీరియా ఇక్కడ కలుస్తుంది, ఇక్కడి నుంచి మళ్లీ ఇన్ని చోట్లకూ వెళుతుంది. ఆ రోగుల చేతిలో ఉండే రిఫర్ చీటీల్లో బీపీ, షుగరు, క్రియాటినిన్ అన్నీ వివరంగా ఉంటాయి. యాంటీబయాటిక్‌ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం 'ఐవీ యాంటీబయాటిక్స్ ఇచ్చాం' అన్న ఒక్క ముక్క తప్ప ఏ మందు, ఎన్ని రోజులు, ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో తేల్చే కల్చర్ పరీక్షకు పంపారా లేదా అన్నది రాయరు. దాంతో కొత్త ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చీకట్లో మందు మొదలుపెట్టక తప్పదు. ఆయన సహజంగానే అన్నిటికంటే బలమైన మందుకే పోతాడు.

కల్చర్ పరీక్ష గురించి తెలియని పాఠకుల కోసం కొంచెం వివరిస్తాను. రోగి మూత్రాన్నో, గొంతులోని ట్యూబు నుంచి తీసిన స్రావాన్నో మేము బ్యాక్టీరియా పెరగడానికి ఆహారం ఉండే అగార్ ప్లేటు మీద గీసి ఇంక్యుబేటర్‌లో పెడతాం. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా అయితే మరునాటికి మాకాంకీ అనే రకం అగార్ మీద గులాబీ రంగులో, బంక లాగా సాగే మచ్చలుగా పెరుగుతుంది. దాన్ని మరో ప్లేటు మీద పలుచగా పరిచి, మందులున్న చిన్న కాగితపు బిళ్లలను దూరదూరంగా అమర్చి మరో రాత్రి ఉంచుతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా లేని గుండ్రటి ఖాళీ కనబడుతుంది, పనిచేయకపోతే బిళ్ల అంచు దాకా పెరుగుతుంది. ఇప్పుడు ఐసీయూల నుంచి వచ్చే శాంపిళ్లలో, చాలా బలమైన యాంటీబయాటిక్ అయిన మెరోపెనెమ్ బిళ్ల అంచును తాకుతూ పెరిగిన ప్లేట్లు మాకు మామూలైపోయాయి. ఇక మిగిలేది చాలావరకు కొలిస్టిన్ వంటి మందు, దానితో కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా కొలిస్టిన్ పనిచేస్తుందో లేదో ఈ బిళ్లల పద్ధతిలో నమ్మకంగా తేల్చలేం. దానికి వేరే పరీక్ష చేయాలి, అది చిన్న ల్యాబ్‌లలో ఉండదు.

ఇదంతా పూర్తయ్యేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా రోగి ఎక్కడుంటాడో మాకు తెలియదు. పక్షవాతంతో మంచం పట్టిన ఒక పెద్దాయన మూత్రం శాంపిల్ ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి మా ల్యాబ్‌కు వచ్చింది. అందులో మెరోపెనెమ్‌కు సైతం లొంగని క్లెబ్సియెల్లా పెరిగింది. ఫోను చేస్తే పేషెంటును వేరే ఆసుపత్రికి మార్చామని చెప్పారు, ఆ ఆసుపత్రి ఏదో బిల్లింగు కౌంటరులో ఎవరికీ తెలియలేదు. కొంతకాలానికి మరో ఆసుపత్రి వార్డు నుంచి వచ్చిన ఇద్దరి శాంపిళ్లలో, ఏ మందుకు లొంగుతుంది, ఏ మందుకు లొంగదు అన్న వరసతో సహా సరిగ్గా అలాంటిదే కనిపించింది. వాళ్లిద్దరి పక్కన ఆ పెద్దాయన మంచం ఉందని వారి బంధువులు శాంపిళ్లు ఇవ్వడానికి వచ్చినప్పుడు చెప్పారు. జన్యుపరీక్ష చేయకుండా రెండూ ఒకటేనని నేను తేల్చి చెప్పలేను. కానీ ముందే తెలిసి ఉంటే ఆ మంచాన్ని ఒక మూలకు వేసి ఉండేవాళ్లని మాత్రం చెప్పగలను.

ఇది ఎలా పాకుతుందో వార్డులో ఒక పూట నిలబడి చూస్తే అర్థమవుతుంది. క్యాథెటర్ (మూత్రం గొట్టం) పెట్టిన రోగి యూరిన్ బ్యాగు నిండగానే దాన్ని ఖాళీ చేసేది చాలాచోట్ల నర్సు కాదు, కూడా ఉండే కొడుకో కోడలో. మూడు నాలుగు మంచాలకు కలిపి ఒకే ప్లాస్టిక్ మగ్గు ఉంటుంది. బ్యాగు గొట్టం కొసను ఆ మగ్గు అంచుకు ఆనించి వంపుతారు, తరువాతి వాళ్లూ అదే మగ్గు తీసుకుంటారు. చేయి కడుక్కుందామని పోతే కుళాయిలో నీళ్లుంటాయన్న నమ్మకం లేదు, సబ్బు అసలే కనబడదు. క్లెబ్సియెల్లా ఏ బాధా పెట్టకుండా మనిషి పేగుల్లో నెలల తరబడి ఉండగలదు. అసినెటోబ్యాక్టర్ అనే మరో బ్యాక్టీరియా పొడిగా ఉండే మంచం కడ్డీల మీద, వెంటిలేటర్ బటన్ల మీద రోజుల కొద్దీ బతుకుతుంది. మందుకు లొంగని గుణాన్ని మోసే ప్లాస్మిడ్లు అనే డీఎన్ఏ వలయాలు ఒక జాతి బ్యాక్టీరియా నుంచి మరో జాతికి కూడా చేరుతాయి. 2008లో స్వీడన్‌లో, అంతకుముందు ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి వెళ్లిన ఒక రోగిలో గుర్తించిన ఎన్‌డీఎం-1 అనేది మెరోపెనెమ్ వంటి మందులను విరగ్గొట్టే ఎంజైము. దాని జన్యువు ఇలాంటి ప్లాస్మిడ్ల మీదనే ప్రయాణిస్తుంది. కోర్సు పూర్తిచేసిన బుద్ధిమంతుడైన రోగికి కూడా పక్క మంచం నుంచి ఇది అంటుకుంటుంది. అందుకే ఈ విషయంలో జనాన్ని మాత్రమే మందలించడం అన్యాయమని నా అభిప్రాయం.

దీన్ని అదుపు చేయడం మన వల్ల అయ్యే పని కాదని నిరాశపడనక్కరలేదు. ఇజ్రాయెల్‌లో 2006లో ఇలాంటి క్లెబ్సియెల్లానే దేశమంతటా ఆసుపత్రుల్లో వ్యాపించింది. 2007 మార్చిలో అక్కడి ఆరోగ్య శాఖ 27 ఆసుపత్రుల్లో ఒకే తీరు నిబంధనలు అమలు చేసింది. ఆ బ్యాక్టీరియా ఉన్న ప్రతి రోగి వివరం ప్రభుత్వానికి తెలపాలి, వారిని విడిగా ఉంచి ప్రత్యేక సిబ్బందితో చూసుకోవాలి, అవి సక్రమంగా జరుగుతున్నాయో లేదో ఒక కేంద్ర బృందం స్వయంగా వచ్చి చూస్తుంది. అప్పటికి లక్ష రోగి-దినాలకు (ఒక రోగి ఆసుపత్రిలో ఉన్న ఒక రోజు ఒక రోగి-దినం) 55.5గా ఉన్న కొత్త కేసులు 2008 మేకి 11.7కు తగ్గాయి. ఇందుకు కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఎవరిలో ఉందో తెలుసుకుని, ఆ సమాచారం అందవలసిన వారికి అందేలా చూశారు.

మన దగ్గర దీనికి అడ్డుపడే భయం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చీటీలో ఈ సంగతి రాస్తే తరువాతి ఆసుపత్రి వాళ్లు రోగిని చేర్చుకోరని, రాసినందుకు తమ ఆసుపత్రికే చెడ్డపేరు వస్తుందని యాజమాన్యాలు వెనుకాడతాయి. ఆ భయం పోవాలంటే ఈ కారణంగా ఎవరినీ వెనక్కి పంపరాదని అధికారులు స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వాలి. రోగికి కావలసింది వెలివేత కాదు. మూలన ఒక మంచం, అతనికే కేటాయించిన బీపీ పట్టీ, స్టెతస్కోపు, యూరిన్ మగ్గు, ముట్టుకునే వారికి గ్లౌజులు, మంచం పక్కనే చేతులు రుద్దుకునే ద్రవం సీసా ఉంటే చాలావరకు సరిపోతుంది. వార్డు కిటకిటలాడుతున్నప్పుడు విడి గది ఎక్కడుందని సిబ్బంది అడగడం న్యాయమే. అప్పుడు ఒకే రకం బ్యాక్టీరియా ఉన్నవారిని ఒక వరసలో ఉంచవచ్చు. అలా చేయాలన్నా ఎవరిలో ఏముందో ముందు తెలియాలి.

కాబట్టి జిల్లా అధికారులకు నా విన్నపం ఇది. రిఫర్ చీటీలో, డిశ్చార్జి సమ్మరీలో మూడు వివరాలు తప్పనిసరి చేయాలి: ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు ఇచ్చారు, కల్చర్‌కు ఏ తేదీన ఏ ల్యాబ్‌కు పంపారు, ఏమి పెరిగింది. రిజిస్ట్రేషన్ల కోసం ప్రైవేటు ఆసుపత్రులు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) కార్యాలయానికి వస్తాయి, ఎన్టీఆర్ వైద్యసేవ కింద నెట్‌వర్క్ ఆసుపత్రులకు ప్రభుత్వమే డబ్బు చెల్లిస్తోంది, కనుక ఈ షరతు పెట్టగల అధికారం ప్రభుత్వం చేతిలోనే ఉంది. మెరోపెనెమ్, కొలిస్టిన్ బిల్లు పెట్టినచోట కల్చర్ రిపోర్టు జతచేయమని అడగడం అన్యాయం కాదు. వేలకు వేలు మందుకు కట్టే కుటుంబం చేత అంతకంటే చాలా తక్కువ అయ్యే పరీక్ష చేయించకపోవడమే నాకు అన్యాయంగా తోస్తుంది.

ల్యాబ్‌ల బాధ్యత కూడా ఇందులో ఉంది. శాంపిల్‌తో వచ్చే ఫారంలో ఇప్పుడు పేరు, వయసు, వార్డు మాత్రమే ఉంటున్నాయి. కూడా ఉండే మనిషి ఫోను నంబరు కూడా రాయించుకుంటే, రిపోర్టు వచ్చేసరికి రోగి ఏ ఊళ్లో, ఏ మంచం మీద ఉన్నా అక్కడి డాక్టరుకు ఆ రోజే చెప్పగలం. డీఎంహెచ్‌ఓ గారు జిల్లాలోని ల్యాబ్‌లన్నింటినీ ఒకసారి పిలిపించి ఈ ఒక్క గడి చేర్చమని ఆదేశిస్తే, దాన్ని మరునాటి నుంచే అమలు చేయవచ్చు.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజీ ల్యాబ్ టెక్నీషియన్,
కర్నూలు.