పుల్‌మన్ కథలో సగమే చెప్పారు

స్లీపర్ బోగీలతో కోట్లు గడించిన అమెరికా పారిశ్రామికవేత్త జార్జ్ పుల్‌మన్ (1831–97) మీద ఆదివారం వేసిన వ్యాసంలో ఆయన తెలివితేటలు కనిపించాయి గానీ, ఆయన దగ్గర పనిచేసినవాళ్లు కనిపించలేదు. షికాగోకి దక్షిణాన 1880లో మొదలుపెట్టి ఆయన కట్టించిన ఊరిని తెగ మెచ్చుకున్నారు. ఇళ్లు బాగుండేవి, కాదనను. ఇంట్లోకే నీళ్లు, గ్యాసు వచ్చేవి. కాకపోతే కార్మికులకు అమ్మేవారు కాదు, అద్దెకే. 1893 మాంద్యంలో జీతాలు సగటున పాతిక శాతం కోశారు, అద్దె మాత్రం తగ్గించలేదు. జీతమిచ్చేదీ ఆ కంపెనీయే, ఇంటి ఓనరూ ఆ కంపెనీయే. ఇంక ఎవరితో మొరపెట్టుకోవాలి? 1894 మేలో మొదలైన సమ్మెను సైన్యాన్ని దింపి అణిచారు. బోగీల్లో సేవలు చేసే నల్లజాతి పోర్టర్లనైతే ప్రయాణికులు యజమాని పేరుతో ‘జార్జ్’ అనే పిలిచేవారు. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ వీధుల్లో నడిచాను. ఎర్ర ఇటుకల ఇళ్లు ఇంకా ఉన్నాయి. పెద్ద ఉద్యోగులవి హోటల్ దగ్గర విశాలంగా, కూలీలవి ఇరుకుగా. గుమ్మం చూస్తేనే హోదా తెలిసిపోతుంది. పుల్‌మన్ పోయాక కూడా ఆయన శవపేటికను ఎవరైనా తవ్వి తీస్తారన్న భయంతో దాన్ని కాంక్రీటు, ఉక్కు పట్టాల కింద పాతిపెట్టారు. ఈ ఒక్క సంగతి వేసినా సరిపోయేది. ఇకమీదట ఇలాంటి జీవితకథ వేసినప్పుడల్లా, పక్కనే ఆ కంపెనీ కార్మికుల గురించి పది లైన్ల బాక్స్ ఐటమ్ తప్పనిసరిగా ఇవ్వండి.

– ఒక పాఠకుడు, విజయవాడ